ధవళకూటం మీద పద్నాలుగు చిప్పల నీళ్ళు

మార్గశిర బహుళ షష్ఠి నాడు, జాము పొద్దెక్కేసరికి, ధవళకూటం రెండో మజిలీలో పదహారు నీళ్ళ తిత్తుల్లో పదమూడు ఖాళీ అయ్యాయి.

ఎవరూ తాగలేదు. ఎవరూ పారబోయలేదు. తిత్తిపెద్ద గవరయ్య తన చేతులతోనే వాటిని ఎండలో పెట్టాడు.

రాత్రి చలికి మేకతోలు తిత్తులు రాళ్ళలా బిగుసుకుపోయాయి. ఎర్రమరువు ఎడారి ఇసుకలో ముప్పై ఏళ్ళు నీళ్ళు మోసిన గవరయ్య అలాంటిది ఎన్నడూ చూడలేదు. ఎండ తగిలితే మెత్తబడతాయనుకున్నాడు. ఐదుగురూ కలిసి వాటిని నల్లబండ మీద వరసగా పేర్చి, పై చరియకు మోకు కట్టడానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి బండ చుట్టూ మంచులో గుంటలు పడి ఉన్నాయి. తిత్తులు నేలకు అంటుకుని పడి ఉన్నాయి. గవరయ్య ఒకదాన్ని తిరగేసి చూశాడు. కుట్టు పొడుగునా నోరు తెరిచి ఉంది. పదమూడూ తిరగేశాడు. పదమూడూ అంతే.

తిత్తివాడ వాళ్ళు నీళ్ళు మోయడానికి ఒకటే పద్ధతి. తిత్తిని గొంతుదాకా నింపాలి. గాలి చొరకుండా కుట్టాలి. వెలితి తిత్తి నడకలో కుదుపుతుంది, భుజాన్ని లాగుతుంది, రెండు మజిలీల్లో తన కుట్టును తానే తినేస్తుంది. నిండు తిత్తి కదలదు. ఇసుకలో ఆ పద్ధతి మూడు తరాల ప్రాణాలు కాపాడింది. ఆ ఇసుకలో నీరు గడ్డకట్టడం అనేది లేదు.

కొండ కింద బయల్దేరేటప్పుడు దారి చూపే పైడమ్మ చెప్పింది. నాలుగు వేళ్ళు వెలితి ఉంచమంది, పైకి పోయాక నీళ్ళు ఒళ్ళు విరుచుకుంటాయంది. తాతకు దగ్గులు నేర్పవద్దని గవరయ్య నవ్వాడు. ఆమె రెండోసారి చెప్పలేదు. ఇప్పుడు ఆమె పగిలిన తిత్తుల తాళ్ళు విప్పి, పనికొచ్చేవి చుట్ట చుట్టుకుంటోంది.

మిగిలినవి మూడు. రెండు అప్పటికే తాగుతూ వచ్చిన తిత్తులు కాబట్టి సగం వెలితిగా ఉన్నాయి. మూడోది కోటప్పది. కోటప్ప మరువు అంచున కూలికి చేరినవాడు. పాతికేళ్ళుంటాయి. తిత్తి నింపడం రాదు. అతను కట్టిన తిత్తిని చూసి గవరయ్య, "ఇది తిత్తా, బాలింత కడుపా?" అని అందరి ముందూ వెక్కిరించాడు. విప్పి మళ్ళీ కట్టించడానికి అప్పుడు తీరిక లేకపోయింది. ఆ తిత్తి ఇప్పుడు పగలకుండా ఉంది.

చుట్టూ చూపు మేర మంచే. కానీ ధవళకూటం మంచు నోట పెట్టుకున్నవాడు శిల అవుతాడు. కొండ మీద ఉండే మాంత్రికుడు తుహినాక్షుడు వేసిన కట్టు అది. ఆ మంచులో ఇంకిన నీరూ మంచుతో సమానమే.

నాలుగేళ్ళ కిందట శోణపురి రాజు పుష్కలవర్ధనుడు పదకొండు మందితో ఈ కొండ ఎక్కాడు. తుహినాక్షుడు నీలవేణి నదిని శిఖరం మీదే గడ్డకట్టించి ఆపేశాడని, దాన్ని విడిపించాలని వెళ్ళాడు. నీళ్ళు అయిపోయాయి. దాహానికి తాళలేక మంచు తిన్నారు. పన్నెండు మందీ శిలలై పైనే ఉన్నారని పైడమ్మ కళ్ళారా చూసింది. కింది నీళ్ళు మూడు పుడిసెళ్ళు పట్టిస్తే శిల మనిషవుతుంది. అంటే మనిషికి ఒక చిప్ప. పదహారు తిత్తులు మోసుకొచ్చింది అందుకే. పన్నెండు మందినీ లేపి, పదిహేడు మందీ దిగడానికి సరిపోయే నీళ్ళవి.

ఆ పన్నెండు మందిలో నీళ్ళు మోసినవాడు సింగన్న, గవరయ్య తమ్ముడు. ఆ ఏడు వంతు గవరయ్యది. ఒంటె తన్ని తుంటి విరిగి మంచంలో ఉంటే తమ్ముడు తిత్తి ఎత్తుకున్నాడు. రాజు కోసం తాను రావడం లేదని గవరయ్య బయల్దేరిన రోజే అందరికీ చెప్పేశాడు.

అతను కొబ్బరిచిప్ప తీసి మూడు తిత్తుల నీళ్ళూ కొలిచాడు. నలభై రెండు చిప్పలు. శిఖరం కింది చరియకు రెండు రోజులు, అక్కణ్ణుంచి కింది వాగుకు రెండు రోజులు. తన మేనల్లుళ్ళు ముత్తడినీ సాంబణ్ణీ పిలిచి, ఎనిమిది చిప్పలు ఒక తిత్తిలో కట్టి, దిగిపొమ్మన్నాడు. ముత్తడు తాను వస్తానని పట్టుబట్టాడు. "నువ్వొస్తే నీ నోరు కూడా వస్తుందిరా," అన్నాడు గవరయ్య. ముత్తడు తల వంచుకుని తిత్తి భుజానికెత్తుకున్నాడు.

మిగిలింది ముప్పై నాలుగు. మనుషులు ముగ్గురు.

ధవళకూటానికి ఐదు కొమ్ములు. నడిమి కొమ్ము పొద్దున పసుపుగా, మధ్యాహ్నం తెల్లగా, సాయంకాలం ఇటుక రంగులో కనిపిస్తుంది. దాని మెడ నుంచి నీలవేణి వేలాడుతోంది. పడుతూ పడుతూ ఆగిపోయిన నది అది. నురగ నురగలాగే ఉంది. దూకబోయిన చేపలు గాలిలో ఉన్నాయి. చప్పుడు లేదు. దాని పక్క గోడ మీదుగానే దారి.

గోడ నూట ఇరవై నిలువులు. పైడమ్మ ముందు ఎక్కుతూ పగుళ్ళలో ఇనుప మేకులు దిగ్గొట్టింది. వెనక కోటప్ప, చివర గవరయ్య. ముగ్గురికీ నడుముకు ఒకే మోకు. పది మేకులకొకసారి ఆగారు. తరవాత ఐదింటికొకసారి. గవరయ్యకు విరిగి అతికిన తుంటి ప్రతి అడుగుకూ పలుకుతోంది. పెదవులు తడుపుకుందామంటే నాలుక మీద తడి లేదు. మాట్లాడితే తడి పోతుందని ఎవరూ మాట్లాడలేదు.

మూడు వంతులు ఎక్కాక పై నుంచి నీడ పడింది.

రెండు తలల డేగ అది. ఒక తల పైడమ్మ భుజాన్ని పొడిచింది, రెండోది ఆమె వీపు మీది తిత్తిని కరిచింది. రెక్క విసిరేసరికి పైడమ్మ గోడ నుంచి ఊడి దానితోపాటు పైకి లేచింది. మోకు బిగిసి కోటప్పను పైకి లాగింది. గవరయ్య రెండు చేతులతో మేకును కౌగిలించుకున్నాడు. కోటప్ప గోడకు కాలు తన్నిపెట్టి, వీపున ఉన్న కావడిబద్ద లాగి వంచాడు. నడుముకు చుట్టుకున్న నారి దానికి బిగించాడు. సన్నపాటి మేకు ఒకటి సంధించి వదిలాడు. మేకు డేగ ఎడమ మెడలో దిగింది. అది అరిచి వదిలేసింది. పైడమ్మ మోకు చివర ఊగి వచ్చి గోడకు కొట్టుకుంది. చేతికి మేకు దొరికింది. తిత్తి మాత్రం డేగ ముక్కుకు చీలి లోయలోకి పోయింది. కింద పడిన చప్పుడు చాలాసేపటికి వినిపించింది.

గోడ తల మీదికి చేరాక గవరయ్య కోటప్ప చేతులు తిప్పి చూశాడు. అరచేతుల్లో తాడు కాయలు లేవు. బొటనవేలి పక్కన నారి ఒరిసిన కాయ ఉంది.

"ఎవరివి నువ్వు?"

అతను దాచలేదు. పుష్కలవర్ధనుడి కొడుకు చిత్రభానుణ్ణన్నాడు. సింగన్న తిరిగి రాలేదని తిత్తివాడ కులపెద్దలు ఇక కోట మనుషులకు తిత్తి ఎత్తవద్దని కట్టు చేసుకున్నారు. యువరాజుగా వస్తే ఎవరూ కదలరు. అందుకే కూలివాడి వేషం.

గవరయ్య అతని చేతులు వదిలేశాడు.

"సరే. ఇక్కడ రాజుకూ చిప్పే, నాకూ చిప్పే. నిన్ను నేను కోటప్పా అనే పిలుస్తాను. ఇప్పుడు కొత్త పేరు నేర్చుకునే ఓపిక లేదు."

"అలాగే పెద్దా," అన్నాడు యువరాజు.

మిగిలింది కోటప్ప తిత్తి ఒక్కటే. పద్దెనిమిది చిప్పలు. ఆ సాయంకాలం ఎవరూ తాగలేదు. తిత్తి బిగుసుకోకుండా పైడమ్మ దాన్ని ఇద్దరు మగవాళ్ళ మధ్య పెట్టి, పైన కంబళి కప్పింది. పొద్దున తలా ఒక చిప్ప తాగారు. గవరయ్య నిలబడి పోశాడు. ఆ గుక్క కూడా దిగడానికి చాలాసేపు పట్టింది. పదిహేను మిగిలాయి.

రెండో రోజు దారి గట్టు మీద. అటూ ఇటూ లోయ. గట్టు వెడల్పు ఎద్దు వీపంత. మిట్టమధ్యాహ్నానికి గట్టు మధ్యలో ఒక మనిషి కూర్చుని కనిపించాడు. ఒంటి మీద చిరిగిన కంబళి. ఎడమ చెవి తమ్మె లేదు. చిన్నప్పుడు ఒంటె కొరికిన చెవి అది.

"అన్నా," అన్నాడు అతను. "నీళ్ళు."

గొంతు సింగన్నదే.

తిత్తివాడలో ఒక కట్టడి ఉంది. దాహమన్నవాడికి ముందు నీళ్ళు, తరవాతే మాటలు. శత్రువైనా అంతే. పైడమ్మ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. గవరయ్య ఆ చేతిని పక్కకు తప్పించి, తిత్తి మూతి విప్పి చిప్ప నింపాడు. అతను చిప్ప ఎత్తి గటగటా తాగాడు. మూడు గుక్కల్లో చిప్ప ఖాళీ.

తరవాత చెప్పుకొచ్చాడు. పైన ఎవరూ లేరట. రాజూ మిగిలినవాళ్ళూ మంచుపగులులో పడిపోయారట. తానొక్కడే గుహలో ఉన్నాడట. తూర్పు వైపు వాలుగా ఒక దారి ఉందట, పూటలో వాగు చేరవచ్చట. యువరాజు గట్టు మీద కూలబడ్డాడు. పైడమ్మ ఆ తూర్పు వాలు కేసి చూసింది. తాను చూసినప్పుడు పన్నెండు మందీ శిలలుగానే ఉన్నారని, అటు తనకు తెలిసిన దారి కూడా లేదని చెప్పింది.

గవరయ్యకు దిగిపోవాలని ఉంది. తుంటి మండుతోంది. కళ్ళు మంచు వెలుగుకు కారుతున్నాయి. వచ్చింది తమ్ముడి కోసం. తమ్ముడు ఎదురుగా ఉన్నాడు. తిత్తి మూతి బిగించి, లేచి, రెండడుగులు తూర్పుకు వేశాడు కూడా.

మూడో అడుగు పడలేదు.

ఇసుకలో దాహంతో పడి ఉన్న పదిహేడు మందికి అతను నీళ్ళు పట్టాడు. వాళ్ళలో ఎవరూ గటగటా తాగలేదు. తాగలేరు. నాలుక వాచి నోటిని నింపేసి ఉంటుంది. మొదటి గుక్క పెదవుల పక్కనుంచి కారిపోతుంది. రెండోదానికి పొరబోతుంది. దవడ పట్టుకుని చుక్కలుగా పొయ్యాలి. నిన్న గోడెక్కిన తనకే పొద్దున గుక్క దిగలేదు. ఈ మనిషి కంబళి మీద ఒక్క చుక్క పడలేదు.

గవరయ్య వెనక్కి తిరిగాడు.

"తమ్ముడూ, నీకు దాహం లేదు."

అతను నవ్వాడు. నవ్వుతుండగానే చెవి తమ్మె మొలిచింది. ముఖం మీది చర్మం తెల్లబడి, కళ్ళలో నల్లగుడ్డు పోయి రెండు మంచుబిళ్ళలు మిగిలాయి. యువరాజు కావడిబద్ద అందుకునేలోగా తుహినాక్షుడు కాలితో గట్టును తట్టాడు. గట్టు విరిగింది. అతను నిలబడ్డ చోట సుడిగాలి లేచి లోయలోకి దిగిపోయింది. గవరయ్య కింద నేల లేదు. మోకు బిగిసింది. పైడమ్మ అవతలి వైపు లోయలోకి దూకేసింది. ఆమె బరువు ఒకవైపు, గవరయ్య బరువు ఒకవైపు, మధ్యలో గట్టు అంచున మోకు నిలిచింది. యువరాజు బోర్లా పడుకుని ముందు ఒకరిని, తరవాత ఒకరిని లాగాడు. పైడమ్మ అరచేతుల తోలు మోకుకు అంటుకుని పోయింది. ఆమె చేతులు చూసుకుని, తన ఊళ్ళో ఆడపడుచు పెళ్ళికి కూడా ఇంత కష్టపడలేదంది.

గవరయ్య ముందు తిత్తి కుట్టు తడిమాడు. తరవాత తుంటి. తిత్తి బాగానే ఉంది. పద్నాలుగు చిప్పలు.

మూడో జాము దాటాక చరియ చేరారు. పెద్ద బండ కింద గాలి తగలని చోటు అది. పన్నెండు శిలలు ఉన్నాయి. అందరి ముఖాల మీదా బెత్తెడు మంచు. ఎవరు ఎవరో తెలియదు. పదకొండు మంది బండకు ఆనుకుని కూర్చున్నారు. ఒకడు నిలబడి, నడుము వంచి, చెయ్యి ముందుకు చాపి ఉన్నాడు. తిత్తివాడ వాడు కూర్చుని నీళ్ళు పోయడు. గవరయ్య ఆ నిలబడ్డవాడి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. భుజాన ఖాళీ తిత్తి, అదీ రాయై ఉంది.

యువరాజు కూర్చున్నవాళ్ళ చేతుల మీది మంచు తుడుచుకుంటూ పోయాడు. ఏడో శిల వేలికి రాజముద్రిక దొరికింది.

గవరయ్య లెక్క చెప్పాడు. దిగడానికి రెండు రోజులు. రోజుకు చిప్ప చొప్పున ముగ్గురికీ ఆరు. ఉన్నవి పద్నాలుగు. లేపడానికి ఒకటి, దిగడానికి రెండు, వెరసి లేచిన మనిషికి మూడు. ఇద్దరిని లేపవచ్చు. మిగిలిన పది మందికి మళ్ళీ రావాలి.

పైడమ్మ ఇంకొకటి చెప్పింది. మూడు పుడిసెళ్ళూ ఒకే ఎండలో పడాలి. ఒకటి ఇంకితే గాని రెండోది పోయకూడదు. నడుమ పొద్దు గుంకితే ఆ శిల ఇక ఎన్నటికీ శిలే. ఆమె చిన్నప్పుడు మంచు నాకిన రెండు మేకల్లో పిల్లను అలాగే లేపింది. తల్లికి రెండో పుడిసెడు పోసేసరికి చీకటి పడింది. అది ఇప్పటికీ వాళ్ళ దొడ్లో ఉంది. దాని వీపు మీద మిరపకాయలు ఆరబోస్తారు.

గవరయ్య చెయ్యి చాపి, పొద్దుకూ పడమటి కొమ్ముకూ మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. ఎనిమిది వేళ్ళు.

"ముందు ఎవరు?" అని అడిగింది పైడమ్మ.

యువరాజు తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడు. నీళ్ళ దగ్గర మాట తిత్తిపెద్దదేనని, తాను అడగనని చెప్పాడు.

"నా తమ్ముడు ముందు," అన్నాడు గవరయ్య. "వాడు తిత్తి మోయగలడు, మీ నాయన మోయలేడు. అడిగితే చెప్పడానికి ఆ కారణం ఉంది. కానీ నా కారణం అది కాదు."

యువరాజు వచ్చి సింగన్న తల పట్టుకున్నాడు.

మొదటి పుడిసెడు ఇంకడానికి రెండు వేళ్ళ పొద్దు పట్టింది. ఆ తరవాతిది వేలున్నర తీసుకుంది. మూడోది పోశాక గొంతు దగ్గర రాయి మెత్తబడింది, మంచు ముఖం మీంచి పెళ్ళగా ఊడిపడింది. సింగన్న మోకాళ్ళ మీద కూలాడు. గవరయ్య పట్టుకున్నాడు. సింగన్న కళ్ళు తెరిచి అన్నను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది.

"రాజుగారికి పోశావా?" అన్నాడు.

గవరయ్య పొద్దుకేసి చూశాడు. మూడు వేళ్ళు.

చాలదని పైడమ్మ చెప్పింది. రేపు పొద్దున పొయ్యవచ్చు కదా అంది. అప్పుడే లోయలోంచి చప్పుడు వినిపించింది. మధ్యాహ్నం దిగిపోయిన సుడిగాలి ఇప్పుడు పైకి వస్తోంది. గట్టును పొడుగునా విరుచుకుంటూ వస్తోంది. రేపటికి ఈ చరియ ఉండదని ముగ్గురికీ అర్థమైంది.

గవరయ్య యువరాజును అడిగాడు. ఇప్పుడు మొదలుపెట్టి పూర్తికాకపోతే ఆయన ఎన్నటికీ లేవడు. మొదలుపెట్టకపోతే సుడిగాలి ఆయన్ను లోయలో పడేస్తుంది. లోయలో పడ్డా శిల శిలే, ముక్కలు కాకుండా దొరికితే ఎన్నటికైనా లేపవచ్చు. "ఇది నీళ్ళ మాట కాదు. నీ నాయన మాట. నువ్వే చెప్పాలి."

చిత్రభానుడు తండ్రి గడ్డం మీది మంచు చేత్తో తుడిచాడు.

"పొయ్యి."

మొదటి పుడిసెడు పోశారు. సింగన్న పాక్కుంటూ వచ్చి, ఆ ముఖానికి గాలి తగలకుండా కంబళి అడ్డం పట్టుకున్నాడు. నీరు ఇంకింది. పొద్దు ఒకటిన్నర వేలు ఉంది. రెండో పుడిసెడు పోశారు. సుడిగాలి చరియ అంచుకు చేరింది. అంచున కూర్చున్న మొదటి శిల కదిలి లోయలోకి జారింది. పైడమ్మ తోలు లేని చేతులతో మోకును బండకు చుట్టి నలుగురినీ దానికి కట్టింది. రెండో శిల జారింది. రాజు పెదవుల మీది నీరు సగం ఇంకింది. గవరయ్య మూడో పుడిసెడు దోసిట్లోకి వంచుకుని ఎదురుచూశాడు.

రెండో పుడిసెడు పూర్తిగా ఇంకింది. గవరయ్య దోసిలి రాజు పెదవుల దగ్గరికి తెచ్చాడు. పడమటి కొమ్ము నీడ రాజు ఛాతీ దాటి గడ్డాన్ని అందుకుంది. కళ్ళ మీద ఇంకా ఎండ ఉంది. గవరయ్య దోసిలి వంచాడు.